సూది నేర్పు కృతజ్ఞత



కుట్టుపని గంటయందు మీలో కొందఱు, "అమ్మగారూ, అంగడిలో దొరకు వస్తువును చేతితో కుట్టనేల?" అని నన్నడుగుట కలదు. ప్రశ్న ఉచితమైనదే. యంత్రము మన చేతులకంటె వేగముగను తిన్నగను కుట్టును. అయినను ఒకరికొఱకు చేతితో కుట్టుటయందు యంత్రమీయజాలని లాభమొకటి కలదు. పసిబిడ్డల బొంతను దృష్టాంతముగా గైకొని దానిని వివరించెదను.

మన యిండ్లలో శిశువు జనింపబోవునపుడు పెద్దలు పాత నూలుచీరలను వెదకుదురు. క్రొత్తబట్ట గంజిచేత బిరుసుగా నుండును. పలుమాఱులు ఉదికిన బట్ట మెత్తనై తడిని త్వరగా పీల్చును. మూడు నాలుగు పొరలను ముడుతలు లేకుండ పఱచి, మొదట పెద్ద పెద్ద కుట్లతో వానిని తాత్కాలికముగా పట్టింపవలెను. పిమ్మట నడుమనుండి అంచులవైపునకు సన్నగా కుట్టుకొని పోవలెను. అంచులనుండి మొదలిడినచో నడుమ బట్ట ఉబ్బును. దారము మిక్కిలి పొడుగైనచో చిక్కుపడును. మూరెడు, మూరెడున్నర చాలును. శిశువు ఒడలికి ఒరయకుండ దారపు ముడి పొరల మధ్య దాగవలెను.

ఈ కడపటి నియమమును గమనింపుడు. ఇంకను పుట్టని శిశువు సుఖమును తలంచి, ఎవరును చూడని ముడిని దాచుచున్నాము. వందలకొలది కుట్లు వేయునంతసేపు మన తలంపు మనలను విడిచి మఱియొకరియొద్ద నిలుచును. కుట్టువారి సంతోషమునకు మూలమిదియే.

యొప్పే పట్టణపు దొర్కాను మీరెఱుగుదురు. ఆమె చనిపోయినపుడు విధవరాండ్రు ఆమె కుట్టిన వస్త్రములను పేతురునకు చూపుచు ఏడ్చిరి. ఆమె పేరిట 1834వ సంవత్సరమున మాన్ ద్వీపమందలి డగ్లసు పట్టణమున ఒక సంఘమేర్పడెను. కలరా జాడ్యమునుండి తప్పింపబడినందుకు కృతజ్ఞతగా బీదలకు వస్త్రములొసగుట దాని ఉద్దేశము. వారు కృతజ్ఞతను నోటితో చెప్పి ఊరకుండలేదు.

నేను ఉపాధ్యాయ శిక్షణ పొందుచుండగా మా తల్లిగారు ప్రభువునందు నిద్రించిరి. ఆమె పెట్టెలో, పొరుగింటి కోడలి కానుపుకై సగము కుట్టిన బొంత యుండెను. సూది దానికే గ్రుచ్చియుండెను. నాకు సూది పట్టుట నేర్పినది ఆమెయే. అందుకై ఒక్కదినమైనను నేనామెకు వందనములు చెప్పియుండలేదు. సెలవులలో ఆ బొంతను నేను ముగించితిని. ఆమె కుట్లు ఆవగింజలవలె సమములు, నావి వంకరలు. ఆమె చేయి ఎచట ఆగెనో కన్నులు మూసికొని తడిమినను తెలియును. పొరుగింటివారు దానినందుకొని నన్ను మెచ్చుకొనిరి. నేను మాత్రము మా తల్లికి చెప్పవలసియుండిన మాటను, ఒక్కొక్క కుట్టునందు ఆలస్యముగా చెప్పుకొంటిని.

కావున బాలబాలికలారా, ఈ సెలవులలో ఒక చిన్న వస్తువును కుట్టుడు. దిండుగలీబైనను, పసివాని టోపీయైనను, గుడ్డసంచియైనను సరియే. కుట్లు వంకరయైనచో సిగ్గుపడకుడు; విప్పి మరల కుట్టుడు. మీకు సూదిలో దారమెక్కించుట నేర్పినవారు అమ్మయో, అమ్మమ్మయో, ఎవరైనను సరే, వారు బ్రతికియుండగనే మొదటి వస్తువును వారి చేతికిండు.