వరిమళ్లలో కలుపు విత్తనము ఎప్పుడు మొలచును?

యాలాల్ ప్రాంతమున కంది, శనగ పండు నల్లరేగళ్లకు ఉన్నంత పేరు వరిపొలములకు లేదు. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు సయితము లభించినది. అయినను కాగ్నా ఒడ్డునను, కోట్‌పల్లి ప్రాజెక్టు క్రిందను, చెరువుల క్రిందను, బోర్ల క్రిందను వరి వేయువారు పెక్కుమంది కలరు. నాటిన నెలకు వీరిలో చాలమంది మొర ఒక్కటే: వరికన్న కలుపే ముందు లేచినదని. కలుపుతీతకు కూలీలు దొరకుట కష్టమైన ఈ దినములలో, అది ఏల లేచినదో తెలిసికొనుట రైతుకు డబ్బుతో సమానము.

ఒక ఊదమొక్క వేలకొలది గింజలు పెట్టును. వరికోతకు ముందే అవి చాలభాగము మడిలో రాలిపోవును. రాలినవన్నియు మరుసటి తడికే మొలవవు. క్రొత్తగింజలలో పెక్కు కొన్ని నెలలు నిద్రలో నుండును. కొన్ని ఏండ్ల తరబడి మట్టిలో ప్రాణముతో కాచుకొని యుండును. నిద్ర తీరిన గింజకు తేమ, వెచ్చదనము, గాలి, వెలుతురు కావలెను. కాని అన్ని కలుపులకు ఒకే పాళ్లలో కాదు.

వెలుతురు మాట చాలమంది ఎరుగరు. విత్తనముచే వ్యాపించు తుంగల గింజ ఆవగింజకంటె ఎంతో చిన్నది. వెలుతురు సోకనిదే అది సరిగా మొలవదు. అరంగుళము మట్టి కప్పినచో పైకి రాజాలదు. ఊదగింజ కొంత బలమైనది. పైపైనున్నప్పుడు బాగుగ మొలచును, లోతు పెరిగినకొలది తగ్గును, రెండున్నర అంగుళముల క్రిందినుండి దాదాపు రాదు. దమ్ము చేసినప్పుడు క్రొత్తగింజలు అడుగునకు పోవును గాని, పాతవి పైకి వచ్చును. కనుక తొలిదమ్ము తరువాత వారము పదిదినములు మడిని తడిగా మాత్రము ఉంచి, మొలచిన కలుపును రెండవసారి పైపైన దున్ని కలిపివేయవలెను. లోతుగా దున్నినచో మరల పాతగింజలు పైకి వచ్చును. దుంపతుంగ సంగతి వేరు. అది దుంపనుండి లేచును.

ఇక నీరు. రెండంగుళముల నీరు నిలిచినచోట ఊదకు, విత్తు తుంగలకు గాలి, వెలుతురు చాలవు; మొలక బాగా తగ్గును. అయితే రెండు మూడు ఆకులు వేసిన ఊదను నీరు చంపజాలదు. నీరు మొదటి దినములలోనే పనిచేయును. మడిలో మిట్టలున్నచో అచ్చటనే ఊద గుంపుగా లేచును. గట్టుమీద నిలబడి చూచినను మిట్ట ఎక్కడనో చెప్పవచ్చును. చదునుచేయుటకు వెనుదీసిన రైతు ఆ ఖర్చును కలుపుకూలికి పెట్టుచున్నాడు. నాటిన 3 మొదలు 5 దినములలో ఎకరమునకు 500 మిల్లీలీటర్ల ప్రెటిలాక్లోర్ (50 శాతము) ఇసుకలో కలిపి చల్లువారును, పలుచగా నీరు నిలుపనిచో మందు వృథాయగును. మడి నెఱ్ఱెలిచ్చినచో మరల క్రొత్త మొలకలు వచ్చును.

నీటిలోనే హాయిగా మొలచు వెడల్పాకు కలుపులును కలవు. వాటిని నీటితో అణచుట కుదరదు. నాటక, పొడిదుక్కిలో వెదజల్లు వరికి తొలిదినములలో నీటికాపుదల లేదు. పైరు, కలుపు ఒక్కనాడే లేచును. అట్టి మడిని మొదటి నెల కనిపెట్టనిచో పంట సగమునకు దిగజారుటయు కలదు. యాసంగిలో చలికి మొలక మందగించును. నాటునప్పుడు మడి శుభ్రముగా కన్పడినదని ఊరకుండరాదు. ఎండ ముదిరినంతనే మరియొక విడత వచ్చును.

మీ మడిలో ఏ గింజలున్నవో తెలిసికొనుటకు ఖర్చులేని పరీక్ష ఒకటి కలదు. తొలకరికి ముందు మడి నాలుగుమూలలనుండి, నడుమనుండి మూడంగుళముల లోతు మట్టి తీసి, కలిపి, మూడు డబ్బాలలో పోయవలెను. మొదటిదానిని తడిగా ఎండ తగులుచోట ఉంచవలెను. రెండవదానిలో రెండంగుళముల నీరు నిలుపవలెను. మూడవదానిని తడిపి, వెలుతురు చొరకుండ మూయవలెను. ఇరువది దినములకు మొలకలు లెక్కింపుడు. మొదటిదానిలో క్రిక్కిరిసి, రెండవదానిలో లేకున్నచో ముందుగా గట్లు, చదును సరిచేసికొనుడు. రెండవదానిలోను మొలచినచో నీటిని నమ్మి కూర్చుండక వీడరుకో, కూలీలకో ముందే ఏర్పాటు చేసికొనుడు. మూడవది బోసిగానున్నచో, నాటుటకు ముందు మొలిపించి దున్ను పద్ధతి మీకు బాగుగ పనికివచ్చును.

నారుమడిలో ఊదను పోల్చుకొనుటకు ఆకును వంచి చూడుడు. ఆకు, తొడుగు కలియుచోట వరికి తెల్లని పలుచని పొరయు, నూగుగల చిన్న చెవులును ఉండును. ఊదకు రెండును లేవు. నారు పీకునప్పుడే ఏరివేయుడు. నాటు పడినపిమ్మట అది వరికుదురులోనే దాగును.