కుటుంబపు కలిమి – కుటుంబపు ఆరోగ్యము

ఆరోగ్యమే మహాభాగ్యమని మనము తరచుగా చెప్పుకొందుము. ఇది నీతివాక్యము మాత్రమే కాదు. ప్రతి యింటి జమాఖర్చులలోను కనబడు సత్యము.

అనిరుధ్ కృష్ణ అను పరిశోధకుడు నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశమున నల్లగొండ, ఖమ్మము, తూర్పుగోదావరి జిల్లాలలోని 36 గ్రామములను పరిశీలించి 2006లో ఫలితములను ప్రకటించెను. అచటి 5,536 కుటుంబములలో 25 సంవత్సరముల కాలమున నూటికి 14 పేదరికమునుండి బయటపడగా, అదే కాలమున నూటికి 12 పేదరికములో పడినవి. వ్యవసాయమునకు తోడు వేరొక రాబడియు, భూమిని బాగుచేసికొనుటయు కొందరిని పైకి తెచ్చినవి. అనారోగ్యము, వైద్యపు ఖర్చు, అధికవడ్డీ అప్పులు, పెండ్లి ఖర్చులు, కరవు ఇతరులను క్రుంగదీసినవి.

ఈ పతన మెట్లు జరుగునో చూతము. సంపాదించు వ్యక్తి మంచము పట్టినచో ఒకవైపు కూలి ఆగిపోవును. వేరొకవైపు మందుల ఖర్చు పెరుగును. మొదట చేతిలోని రొక్కము, పిదప నగలు, పాడిపశువు, చివరకు పొలము పోవును. రాబడినిచ్చు ఆస్తియే పోయిన పిమ్మట, రోగము నయమైనను పూర్వస్థితి రాదు. ఇంటిలో పాలు, పప్పు, కూరలు తగ్గును, పిల్లలు చిక్కిపోవుదురు, మరల జబ్బు చేసినను ఖర్చునకు వెరచి వైద్యుని యొద్దకు పోరు. ఇట్లు జబ్బు పేదరికమును, పేదరికము జబ్బును పెంచును. క్షయ యిందుకు నిదర్శనము. సరియైన తిండి లేని దేహమును, గాలి సోకని యిరుకు ఇంటిలోనివారిని అది సులభముగా పట్టుకొనును.

పంచాయతీ సభ్యులు చేయదగిన దేమి? 2007లో ఆరోగ్యశ్రీ ఆరంభమైన పిదప పెద్ద చికిత్సల భారము పేదలకు కొంత తగ్గినది. అయినను నిత్యము వాడు మందులు, ప్రయాణము, పోయిన కూలి తరచుగా కుటుంబముమీదనే పడుచున్నవి. క్షయరోగులకు ప్రభుత్వము మందులను ఉచితముగా నిచ్చుచున్నది. పోషణకై 2018నుండి నెలకు 500 రూపాయలు ఇచ్చి, 2024 నవంబరునుండి దానిని 1,000 రూపాయలకు పెంచినది. ఈ సంగతి తెలియని యిల్లు గ్రామమున నుండరాదు.

ఆశా కార్యకర్తతో కలసి దీర్ఘరోగులున్న యిండ్ల జాబితా వ్రాసికొనుడు. రోగియింటికి వడ్డీవ్యాపారికంటె ముందు మీరు పోవలెను. పొదుపు సంఘమునుండి తక్కువ వడ్డీకి అప్పు దొరకునేమో విచారింపుడు. మంచినీటి తొట్టిని, మురుగుకాలువలను శుభ్రముగా నుంచుట సైతము ఆస్తిరక్షణయే. పొలము అమ్ముడుపోయిన పిదప చూపు సానుభూతికంటె, అమ్మకముందు చేయు సాయము మేలని మేము మనవి చేయుచున్నాము.