సల్లగుండు బిడ్డా: ఎండకాలంలో బండి నడిపే పాఠం

పోయిన ఏడు మే నెలలో మా బావతో కలిసి నల్గొండ నుంచి దేవరకొండకు స్కూటీ మీద పోయాను. చుట్టాల పెండ్లి. పొద్దున్నే బయలుదేరమని నాయినమ్మ మొత్తుకుంది. మేం లేచి, తిని, షర్ట్‌లు ఇస్త్రీ చేసుకొని బయటపడేసరికి పన్నెండు దాటింది. తువ్వాల తీసుకపోమంటే వద్దన్నాను. ఒక్క వాటర్ బాటిల్, అది కూడా డిక్కీలో. "స్పీడ్‌గ పోతే గాలి వస్తది నాయినమ్మా, ఎండ ఏం జేస్తది" అన్నాను. ఇంటర్ ఫిజిక్స్‌లో 60కి 58 వచ్చినోణ్ణి, అయినా అన్నాను.

ముప్పావు గంట బాగానే పోయాం. చెమట కూడా పట్టట్లేదు, ఏం కాదులే అనుకున్నాను. ఎదురుగా స్పీడ్ బ్రేకర్ కనిపించింది. కళ్లకు కనిపించింది గానీ బ్రేక్ వేయాలని తట్టలేదు. బండి ఎగిరి పడింది. బావ భుజం మీద కొట్టి "ఆపురా, ఏమైంది నీకు" అన్నాడు. దిగితే కాళ్లు వణికినయ్. వేపచెట్టు కింద అరగంట కూర్చున్నాం. పక్క చేనులో ఉన్న పెద్దాయన చెంబు నిండా సల్ల ఇచ్చాడు. అక్కడి నుంచి బావ నడిపాడు.

పడలేదు కాబట్టి రాస్తున్నాను. ఆ రోజు నాకు ఏం తెలియలేదో తర్వాత కూర్చొని లెక్క వేసుకున్నాను. అదే ఈ పాఠం.

గాలి ఎప్పుడు చల్లగా ఉంటది?

మన చర్మం వేడి సుమారు 35 డిగ్రీలు. బయటి గాలి 28 ఉంటే, వేగం పెరిగేకొద్దీ అది మన ఒంటి వేడిని తీసుకుపోతుంది. గాలి 43 అయితే లెక్క తిరగబడుతుంది. వేడి ఎప్పుడూ ఎక్కువ ఉన్న చోటు నుంచి తక్కువ ఉన్న చోటుకు పోతుంది కదా, ఇప్పుడు గాలే మనకు వేడి ఇస్తుంది. స్పీడ్ పెంచితే ఇంకా ఎక్కువ ఇస్తుంది.

మరి నాకు హాయిగా ఎందుకు అనిపించింది? చెమట ఆరిపోతూ వేడిని తీసుకుపోయింది కాబట్టి. మన దగ్గర ఎండకాలం గాలిలో తేమ తక్కువ. చెమట పుట్టింది పుట్టినట్టే ఆరిపోతుంది, షర్ట్ తడవదు. లోపల ట్యాంక్ ఖాళీ అవుతుంటుంది, మీటర్ మాత్రం ఫుల్ చూపిస్తుంటుంది.

ఇంకో సంగతి. ఫోన్‌లో కనిపించే 43 డిగ్రీలు నీడలో లెక్క. వాతావరణ శాఖ థర్మామీటర్ తెల్లటి చెక్కపెట్టెలో, నేలకు నాలుగు అడుగుల ఎత్తులో ఉంటుంది. అదే టైంకి ఎండలో ఉన్న నల్ల తారు రోడ్డు 60 డిగ్రీలు దాటగలదు. మన బండి పోయేది ఆ రోడ్డు మీద, పెట్టెలో కాదు.

తడి తువ్వాల లెక్క

ఒక లీటరు నీళ్లు ఆవిరి కావాలంటే సుమారు 2,400 కిలోజౌళ్ల వేడి కావాలి. తువ్వాల ఒక గ్లాసు, అంటే 200 మిల్లీలీటర్ల నీళ్లు పీల్చిందనుకోండి. అది పూర్తిగా ఆరేలోపు 480 కిలోజౌళ్లు తాగుతుంది. 60 కిలోల మనిషి ఒంటి వేడి ఒక్క డిగ్రీ పెరగడానికి దాదాపు 210 కిలోజౌళ్లు చాలు. తువ్వాల తాగే వేడిలో కొంత గాలి నుంచి వస్తుంది, అంతా మన ఒంటిది కాదు. అయినా ఒక్క గ్లాసు నీళ్లకు ఇది చాలా పెద్ద పని. కుండలో నీళ్లు చల్లబడేదీ, ఇంట్లో కూలర్ పనిచేసేదీ ఇదే లెక్క మీద.

అందుకే కాటన్ టీ షర్ట్‌నో, తువ్వాలనో బాగా తడిపి పిండి వేసుకోండి. దాని మీద పలుచటి ఫుల్ చేతుల షర్ట్ వేస్తే నీళ్లు మెల్లగా ఆరతాయి, చల్లదనం ఎక్కువ సేపు ఉంటుంది. ఇది నల్గొండ, పాలమూరు లాంటి పొడి ఎండకు బాగా పనిచేస్తుంది. విశాఖ లాంటి సముద్రపు ఊర్లలో గాలి ముందే తడిగా ఉంటుంది కాబట్టి ఇంత ఫలితం ఉండదు.

ఒంటి మీద ఏం ఉండాలి

మన ఊర్లలో ఎండలో పని చేసేవాళ్లను చూడండి. చేనుకు పోయే ఆడవాళ్లు చీర మీద ఫుల్ చేతుల షర్ట్ వేసుకుంటారు. గొర్ల కాపరులు తలకు రుమాలు చుట్టి, భుజం మీద గొంగడి వేసుకొని తిరుగుతారు. హాఫ్ చేతులతో పోయేది మనలాంటి స్టూడెంట్లే. గాలి ఒంటి కన్నా వేడిగా ఉన్నప్పుడు బట్ట మనకు అడ్డుగోడ.

హెల్మెట్ వేడి అని తీసి అద్దానికి తగిలిస్తాం. నిజానికి లోపలున్న థర్మాకోల్ వేడిని ఆపే పదార్థమే. లేత రంగుది, గాలి రంధ్రాలు ఉన్నది, ఐఎస్ఐ గుర్తు ఉన్నది తీసుకోండి. లోపల పలుచటి కాటన్ దస్తీ తడిపి కట్టుకోవచ్చు. మందంగా కడితే హెల్మెట్ సరిగ్గా కూర్చోదు, పట్టీ బిగించినా లాభం ఉండదు. తువ్వాల, చున్నీ కొసలు షర్ట్ లోపలికి దోపాలి. వెనుక కూర్చున్నవాళ్ల చున్నీ చక్రంలో పడితే ఎండ కన్నా పెద్ద ప్రమాదం.

నీళ్లు, ఉప్పు

బాటిల్ డిక్కీలో ఉంటే తాగం. చేతికి అందేటట్టు పెట్టుకోండి. దాహం వేసేదాకా ఆగకుండా, ప్రతి నలభై నిమిషాలకు నీడలో ఆపి నాలుగు గుక్కలు తాగండి. చెమటతో ఉప్పు కూడా పోతుంది కాబట్టి ఉప్పు వేసిన సల్ల మంచిది. పొద్దున బయలుదేరే ముందు జొన్న అంబలి ఇంకా మంచిది. తాటి ముంజలు కనబడితే తప్పకుండా ఆగండి.

ఇంట్లోనే ఓఆర్ఎస్ కలుపుకోవాలంటే లీటరు నీళ్లకు ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, చెంచాలు తలకొట్టి. కొనేటట్టయితే మెడికల్ షాప్‌లో డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా అని ఉన్న ప్యాకెట్ అడగండి. చక్కెర పానీయాలకు ఓఆర్ఎస్ అని పేరు పెట్టి అమ్మడంపై హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబర్‌లో ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ పేరు వాడొద్దని ఆదేశించింది.

బండి సంగతి

టైర్లలో గాలి పొద్దున, బండి నడపకముందే చూసుకోండి. చల్లగా ఉన్నప్పుడు 29 పీఎస్ఐ ఉన్న టైరు, లోపలి గాలి 30 డిగ్రీలు వేడెక్కితే సుమారు 33 చూపిస్తుంది. కంగారుపడి గాలి తీసేస్తే చల్లారాక తక్కువైపోతుంది.

ఎండకాలం ట్యాంక్ ఫుల్ చేస్తే పేలుతుందని ఫ్యామిలీ గ్రూపుల్లో ప్రతి ఏడూ మెసేజ్ తిరుగుతుంది. అది నిజం కాదని ఇండియన్ ఆయిల్ వాళ్లే చెప్పారు. పది లీటర్ల పెట్రోల్ 20 డిగ్రీలు వేడెక్కితే పెరిగేది దాదాపు 200 మిల్లీలీటర్లు, ఆ ఖాళీ కంపెనీ ముందే వదులుతుంది. మూతి దాకా పొంగించకండి, అంతే.

బండి నీడలో పెట్టండి. నీడ లేకపోతే సీటు మీద లేత రంగు బట్ట కప్పండి. నల్ల రెక్సిన్ మీద ఒకసారి కూర్చున్నవాళ్లకు ఎందుకో చెప్పాల్సిన పని లేదు.

ఎప్పుడు ఆపాలి

ఇది అన్నిటికన్నా ముఖ్యం. పన్నెండు నుంచి మూడు దాకా వీలైతే బయలుదేరనే వద్దు. తప్పకపోతే ఈ గుర్తులు యాదుంచుకోండి: తలనొప్పి, కడుపులో తిప్పడం, కండరాలు పట్టేయడం, ఎదుట ఉన్నది ఆలస్యంగా తట్టడం. చివరిది మనకు మనం పట్టుకోలేం, ఎందుకంటే పట్టుకోవాల్సిన బుర్రే స్లో అయి ఉంటుంది. నా స్పీడ్ బ్రేకర్ అదే. అందుకే వెనుక కూర్చున్నవాళ్లు మాట్లాడిస్తూ ఉండాలి. జవాబు తేడాగా వస్తే ఆపించాలి. ఒక్కరే పోతుంటే గడియారాన్ని నమ్మండి, ఒంటిని కాదు. నలభై నిమిషాలు అయిందంటే ఆపడమే.

మనిషి తికమకగా మాట్లాడినా, స్పృహ తప్పినా అది వడదెబ్బ. ఒంటి వేడి 40 డిగ్రీలు దాటి ఉండొచ్చు. వెంటనే 108కి ఫోన్ చేసి, నీడకు చేర్చి, బట్టలు తడిపి విసరండి. మెడ దగ్గర, చంకల్లో ఐస్ పెట్టండి. స్పృహ సరిగా లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయొద్దు. 2015 మే నెల వడగాలులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి 2,000 మందికి పైగా చనిపోయారు. ఎండ ఏం జేస్తది అన్న నా ప్రశ్నకు జవాబు అది.

పాలమూరు పోయినప్పుడు పిల్లలమర్రిని చూడండి. ఏడు వందల ఏళ్ల చెట్టు అంటారు. 2018లో చెదలు పడితే మనిషికి సెలైన్ ఎక్కించినట్టు దానికి సీసాలతో మందు ఎక్కించారు. చెట్టు నీడ చల్లగా ఉండేది ఎండ తగలనందుకు ఒక్కటే కాదు, ఆకులు నీళ్లను ఆవిరి చేస్తుంటాయి. తడి తువ్వాల లెక్కే, కాకపోతే చాలా పెద్ద తువ్వాల.

మా నాయినమ్మ ఎవరు కాళ్లు మొక్కినా "సల్లగుండు బిడ్డా" అంటుంది. ఇన్నేళ్లు అది ఉత్త దీవెన అనుకున్నాను. ఈ ఏడు బండి తీసే ముందు నేనే తువ్వాల తడుపుకుంటున్నాను. మీరు కూడా సల్లగ పోయి, సల్లగ రండి.