పోలీసు దర్యాప్తులో బయటి వైద్యుడు

మూసీనదిపై నయాపూల్ వంతెన మీద నిలిచి చూచినట్లయితే ఉత్తరపు గట్టున ఉస్మానియా దవాఖానా, దక్షిణపు గట్టున ఉన్నత న్యాయస్థాన భవనము కన్పిస్తాయి. ఒకటి ప్రాణాన్ని కాపాడేది. రెండవది న్యాయాన్ని కాపాడేది. ఈ రెండింటి నడుమ ప్రయాణించే చిన్న వస్తువు ఒకటున్నది. అది దారముతో కట్టి, లక్కముద్ర వేసిన ఒక గాజుసీసా. అందులోని రక్తపు బొట్టు ఒక నిరపరాధిని విడిపించగలదు, ఒక అపరాధిని పట్టి ఇవ్వగలదు. ఆ సీసాను నింపే చేయి ఎవరిది? ఆ చేతికి జీతమిచ్చేది ఎవరు? ఈ ప్రశ్నలనే ఇచట కొంత పరిశీలింప తలచినాము.

మనుష్యుని శరీరము నుండి సాక్ష్యము సేకరించుట వైద్యుని పని. రక్తము, వెంట్రుకలు, గోళ్ళ ముక్కలు, గాయముల వయస్సు మున్నగునవి శాస్త్రజ్ఞానము లేనివారికి చిక్కవు. అందువలననే 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 53వ సెక్షను పోలీసు అధికారి కోరికపై నిందితుని పరీక్షించే అధికారాన్ని నమోదిత వైద్యునికి ఇచ్చినది. 2005 నాటి సవరణ డి.ఎన్.ఎ. పరీక్షను కూడ ఇందులో చేర్చినది. 2024 జూలై 1 నుండి ఆ కోడ్ స్థానములో భారతీయ నాగరిక సురక్షా సంహిత అమలులోనికి వచ్చినది.

ఈ చట్టములో గమనింపదగిన విశేషమొకటి కలదు. అత్యాచార నేరములో నిందితుని ప్రభుత్వ వైద్యుడే పరీక్షింపవలెను. నేరస్థలానికి 16 కిలోమీటర్ల లోపల అట్టి వైద్యుడు లేనప్పుడు మాత్రము మరే నమోదిత వైద్యుడైనను పరీక్షింపవచ్చును. బాధితురాలి విషయములోను ప్రభుత్వ వైద్యుడు లేనిచో బయటి వైద్యునికి అవకాశమున్నది. కాని ఆమె సమ్మతి లేక చేయి వేయరాదు. ఫిర్యాదు అందిన 24 గంటలలోగా ఆమెను వైద్యుని వద్దకు పంపవలెను. ఏడు రోజులలో నివేదిక దర్యాప్తు అధికారికి చేరవలెను. నిందితునిపై తగుమాత్రపు బలప్రయోగమును చట్టము అనుమతించినది, బాధితురాలిపై ఎంతమాత్రము అనుమతింపలేదు. బయటి వైద్యుడు మొట్టమొదట నేర్వవలసినది ఈ భేదమే.

రెండవది పనితనము. విషప్రయోగపు అనుమానముతో తీసిన అవయవ భాగములను ఉప్పు బాగుగా కరిగించిన నీటిలో భద్రపరుస్తారు. ఫార్మలిన్‌లో వేసినచో రసాయన పరీక్ష చెడిపోతుంది. మద్యము పరిమాణము తెలిసికొనుటకు తీసే రక్తములో సోడియం ఫ్లోరైడ్ కలపాలి. నెత్తుటి మరకల బట్టను నీడలో ఆరబెట్టి కాగితపు సంచిలో ఉంచాలి. తడిగుడ్డను ప్లాస్టిక్ సంచిలో చుట్టినచో కుళ్ళిపోతుంది. ఎవరు తీసిరి, ఎవరికి అప్పగించిరి, ఏ గంటకు అప్పగించిరి అన్నది వ్రాతపూర్వకముగా ఉండాలి. ఈ గొలుసులో ఒక్క కొక్కెము ఊడినను నగరములోని రెడ్‌హిల్స్ ఫోరెన్సిక్ ప్రయోగశాల ఎంత శ్రమించినా ఫలితము సందేహాస్పదమే.

ఇక ఒప్పందపు పద్ధతి. ఇంగ్లాండులో పూర్వము స్థానిక వైద్యులే పోలీసు సర్జన్లుగా పనిచేసేవారు. తరువాత అనేక పోలీసు శాఖలు ఆ సేవలను ప్రైవేటు సంస్థలకు అప్పగించినవి. ప్రభుత్వపు ఫోరెన్సిక్ సైన్స్ సర్వీసు సైతము 2012లో మూతబడినది. 2017లో మాంచెస్టరులోని ఒక ప్రైవేటు ప్రయోగశాలలో పరీక్షా ఫలితములు తారుమారైనట్లు వెల్లడికాగా, పదివేలకు పైగా కేసులను తిరిగి పరిశీలింపవలసి వచ్చినది. అదే సంవత్సరము అమెరికాలోని సాల్ట్ లేక్ నగరములో, స్పృహలేని క్షతగాత్రుని రక్తము తీయుమని పోలీసు అధికారి కోరగా ఆసుపత్రి నర్సు నిరాకరించినది. రోగి సమ్మతి లేదు, కోర్టు ఉత్తర్వు లేదు, అతడు అరెస్టయినవాడు కాడు. ఆ అధికారి ఆమె చేతులకే బేడీలు వేసినాడు. తుదకు ఉద్యోగము పోయినది అతనికే. మొదటిది వ్యాపారము వలన కలిగిన చేటు, రెండవది అధికారము వలన కలిగిన చేటు.

మన రాష్ట్రములోనే మరియొక ఉదాహరణ కలదు. 2019 డిసెంబరు 6న షాద్‌నగర్ సమీపమున చటాన్‌పల్లి వద్ద నలుగురు నిందితులు పోలీసు కాల్పులలో మరణించారు. ఒక శవపరీక్ష ముగిసిన పిమ్మట కూడ, మన నయాపూల్ పక్కనున్న ఉన్నత న్యాయస్థానము ఢిల్లీలోని ఎయిమ్స్ నిపుణులచే మరల పరీక్ష జరిపించవలెనని ఆదేశించినది. డిసెంబరు 23న గాంధీ ఆసుపత్రిలో అది జరిగినది. ఇచట బయటి వైద్యుని పిలిచినది పోలీసు కాదు, న్యాయస్థానము. పోలీసు చర్యయే ప్రశ్నార్థకమైనప్పుడు పోలీసులకు సంబంధము లేని వైద్యుడే ప్రజలకు నమ్మకము కలిగించగలడు.

కావున మా అభిప్రాయము ఇది. బయటి వైద్యుని సహాయము అవసరమే. జిల్లాలలో, రాత్రివేళలలో అది అనివార్యము. అయితే అతని ప్రతిఫలము ఫలితముపై ఆధారపడరాదు. అతనికి తగిన శిక్షణ ఉండాలి. వద్దనే స్వేచ్ఛ ఉండాలి. నివేదిక ప్రతి రోగికిగాని, అతని కుటుంబానికిగాని అందాలి. అన్నింటికంటె ముందు చికిత్స, ఆ తరువాతనే సాక్ష్యము. ప్రతి వైద్యుడు ఆపదలోని వ్యక్తికి ముందుగా చికిత్స చేయవలెనని 1989లోనే పర్మానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు స్పష్టము చేసినది.

శవాగారము బయట కఫను బట్ట చేతబట్టుకొని, సూర్యుడు క్రుంకకముందే తన వారిని మట్టికి అప్పగించవలెనని ఎదురుచూచే తండ్రిని మేము చూచినాము. పక్కనే చితికి కట్టెలు సిద్ధము చేసికొని నిలిచిన మరియొక తండ్రినీ చూచినాము. వారిద్దరికీ సెక్షన్లు తెలియవు. లోపల జరిగే పరీక్ష నిజాయితీగా, త్వరగా, మర్యాదగా జరగాలన్న కోరిక మాత్రము ఇద్దరిదీ ఒక్కటే. రేపు వైద్యులో, న్యాయవాదులో, పోలీసు అధికారులో కాబోయే మన విద్యార్థినీ విద్యార్థులు ఆ తండ్రులను మరువకుందురు గాక.