ఓపెన్‌సెల్‌ఐడీ ఫైల్ నుంచి మన ఊరి సెల్స్ మాత్రమే తీయడం ఎలా? లూప్ లేకుండా నంపైతో

మా ఇల్లు మంగళగిరిలో, కొండ వెనకవైపు సందులో. మగ్గం గదిలో సిగ్నల్ ఒక్క గీత దాటదు. అమ్మ నంబరుకే బ్యాంకు, గ్యాసు, ఆధార్ అన్నీ లింక్ అయి ఉన్నాయి. ఓటీపీ కావాలంటే ఫోన్ పట్టుకుని సందు చివరిదాకా నడవాలి. "ఇంజనీరువి కదరా, ఏ సిమ్ అయితే బాగుంటుందో నువ్వే చూసి చెప్పు" అంది. చూశా. తప్పుగా చూశా. ఆ కథ చివర్లో చెప్తా, ముందు పని చూద్దాం.

ఓపెన్‌సెల్‌ఐడీ అనేది జనాల ఫోన్లు పంపిన కొలతలతో తయారైన సెల్ టవర్ల డేటాబేస్. ఫ్రీ అకౌంట్ తీసుకుంటే దేశం కోడ్ వారీగా ఫైళ్లు డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. ఇండియాకి 404, 405 తీసుకోండి. ఇది మామూలు సీఎస్‌వీ, ఒక్కో లైనులో 14 గడులు. మనకి కావాల్సినవి: 1వ గడిలో టెక్నాలజీ (జీఎస్‌ఎం, ఎల్‌టీఈ లాంటివి), 3లో నెట్‌వర్క్ కోడ్, 7లో రేఖాంశం, 8లో అక్షాంశం, 10లో ఎన్ని కొలతలు వచ్చాయో ఆ సంఖ్య, 13లో చివరిసారి అప్‌డేట్ అయిన టైమ్.

లైను లైనూ చదివి, కామాల దగ్గర విడగొట్టి, ఇఫ్ పెట్టడం అందరికీ తెలిసిన పద్ధతి. పైథాన్‌లో అలా రాస్తే ప్రతి లైనుకీ 14 చిన్న స్ట్రింగులు పుడతాయి. అందులో దాదాపు అన్ని లైన్లూ మనకి అక్కర్లేనివే. అర్రే ప్రోగ్రామింగ్‌లో ఆలోచన వేరు. నాన్న నేసే గుంట మగ్గం మీద కాలితో తొక్కగానే పడుగులో సగం పోగులు ఒక్కసారే లేస్తాయి, ఒక్కో పోగునీ ఎవరూ చేత్తో లేపరు. ఇదీ అంతే. కెన్నెత్ ఐవర్సన్ 1962లో ఏపీఎల్ పుస్తకంలో పెట్టిన ఆలోచనే ఇవాళ నంపైలో మనం వాడేది.

ఫైల్‌ని టెక్స్ట్‌లా కాదు, బైట్ల వరుసలా తెరవండి. ఫ్రమ్‌బఫర్ ఫంక్షన్‌తో అది ఒక పొడవాటి అంకెల అర్రే అవుతుంది. కామా బైట్ విలువ 44, న్యూలైన్ 10. అర్రే మొత్తాన్నీ ఈ రెండింటితో పోలిస్తే అవును, కాదు అనే మాస్క్ వస్తుంది. దాన్ని ఫ్లాట్‌నాన్‌జీరోకి ఇస్తే కామాలు, న్యూలైన్లు ఉన్న స్థానాలన్నీ ఒకేసారి చేతికొస్తాయి.

అసలు మజా ఇక్కడుంది. ప్రతి లైనులో 13 కామాలు, 1 న్యూలైన్, మొత్తం 14. కాబట్టి ఆ స్థానాలని 14 నిలువు వరుసల పట్టికగా రీషేప్ చేయండి. అంతే, ఫైల్ మొత్తానికీ విషయసూచిక తయారైనట్టే. ఏడో గడి మొదలయ్యేది ఆరో నిలువు వరుసలోని స్థానానికి 1 కలిపితే వచ్చే చోట. మొదటి గడికి మాత్రం పై లైను న్యూలైన్ చూసుకోవాలి. చివరి గడి ఖాళీగా ఉన్నా ఇబ్బంది లేదు, దాని ముందు కామా ఉంటుంది కదా. రీషేప్ తర్వాత ఆఖరి నిలువు వరుసలో అన్నీ న్యూలైన్లేనా అని ఒక్క చెక్ పెట్టండి. ఎక్కడైనా కామాల్లో తేడా వస్తే కింద ఉన్న పట్టికంతా పక్కకి జరిగిపోతుంది, మొత్తం సంఖ్య 14తో సరిగ్గా భాగం పోతే ఎర్రర్ కూడా రాదు.

ఇప్పుడు వడపోత. మంగళగిరి అక్షాంశం దాదాపు 16.43, రేఖాంశం 80.56. అంకెలుగా మార్చకుండానే, ఏడో గడి మొదటి నాలుగు బైట్లు "80.5", ఎనిమిదో గడివి "16.4" అయిన లైన్లు ఏరేయండి. మొదలయ్యే స్థానాలకి 0, 1, 2, 3 కలిపితే నాలుగు నిలువు వరుసల పట్టిక వస్తుంది, ఒక్క పోలికతో పని అయిపోతుంది. ఉత్తరం నుంచి దక్షిణానికి దాదాపు 11 కిలోమీటర్ల పెట్టె ఇది. ఊరు చదరంగా ఉండదనుకోండి, కానీ మొదటి జల్లెడకి చాలు. మిగిలిన కొద్ది లైన్లనే నిజం అంకెలుగా మార్చి దూరం లెక్కేసుకోండి.

మెమరీ దగ్గర జాగ్రత్త. నేను మొదటిసారి ఫైల్ మొత్తం ఒకేసారి లోడ్ చేశా, ల్యాప్‌టాప్ బిగుసుకుపోయింది. స్థానం ఒక్కొక్కటీ 8 బైట్లు, లైనుకి 14 స్థానాలు, అంటే 112 బైట్లు. లైను పొడవు కంటే దాని సూచికే పెద్దదన్నమాట! అందుకే 64 ఎంబీ ముక్కలుగా చదవండి. ప్రతి ముక్కనీ ఆఖరి న్యూలైన్ దగ్గర కోసి, మిగిలిన తోకని తర్వాతి ముక్క ముందు అతికించండి. ముక్క చిన్నది కాబట్టి స్థానాలకి 4 బైట్ల ఇంటిజర్ సరిపోతుంది, సగం మెమరీ ఆదా.

ఇక నా తప్పు. మొదటిసారి నేను తీసింది 3, 7, 8 గడులు మాత్రమే. ఇంటి చుట్టూ ఏ నెట్‌వర్క్‌కి ఎక్కువ లైన్లు ఉన్నాయో లెక్కపెట్టి, 1900కి మెసేజ్ పెట్టించి అమ్మ నంబరు దానికి పోర్ట్ చేయించా. సిగ్నల్ ఇంకా పడిపోయింది. మళ్లీ మారదామంటే 90 రోజులు ఆగాలన్నారు. ఆ మూడు నెలలూ అమ్మ ఓటీపీ కోసం సందు చివర కాదు, మెయిన్ రోడ్డు దాకా వెళ్లింది. ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

తర్వాత మొదటి గడి తీసి చూస్తే, నేను లెక్కపెట్టిన లైన్లలో చాలావరకు పాత జీఎస్‌ఎంవి. అందుకే 1, 10, 13 గడులు వదలొద్దు అంటున్నా. మొదటి గడిలో తొలి అక్షరం ఒక్కటి చూస్తే చాలు, ఎల్‌టీఈనో కాదో తెలిసిపోతుంది. పదమూడో గడిలో టైమ్ సెకన్లలో పది అంకెలుగా ఉంటుంది. అది "17"తో మొదలైతే మన టైమ్ ప్రకారం 2023 నవంబర్ 15 తెల్లవారుజాము తర్వాత అప్‌డేట్ అయినట్టు. రెండు బైట్ల పోలికతో పాత సరుకంతా పోతుంది. కొలతలు ఒకటో రెండో ఉన్న లైన్లని నేనైతే నమ్మను.

ఇంకో సంగతి. ఈ ఫైల్లో ఉన్నది చాలావరకు టవర్ అసలు స్థానం కాదు, కొలతల నుంచి వేసిన అంచనా. లైన్లు ఎక్కువుంటే ఆ నెట్‌వర్క్ వాడుతూ కొలతలు పంపినవాళ్లు ఎక్కువని కూడా కావచ్చు. మా కొండ అడ్డం వస్తుందో లేదో ఏ గడీ చెప్పదు.

కాబట్టి రెండోసారి ఫైల్‌తో రెండు నెట్‌వర్క్‌లు మాత్రం ఎంచుకున్నా. వాటి ప్రీపెయిడ్ సిమ్‌లు కొని, అమ్మ ఫోన్ రెండో స్లాట్‌లో ఒక్కోటి వారం పాటు మగ్గం గదిలోనే పెట్టి చూశా. 91వ రోజున పోర్ట్ చేశాం. ఇప్పుడు మగ్గం పక్కన రెండు గీతలు వస్తున్నాయి, ఓటీపీ ఇంట్లోనే వస్తోంది.