తంతి నుంచి సెల్‌ఫోను దాకా – ఒక మిరపకాయ కథ

వార్తా సాధనాల చరిత్ర రాయమని మిత్రులు అడిగినప్పుడు నాకు మోర్సూ, మార్కోనీ గుర్తుకు రాలేదు. మా తాతయ్యే గుర్తుకొచ్చాడు.

ఓ ఏడు కల్లంలో కాయ ఎండి సిద్ధంగా ఉంది. గుంటూరు ధర కనుక్కుని కార్డు ముక్క రాయమని అక్కడున్న చుట్టానికి కబురు పెట్టాడాయన. కార్డు రాలేదు; మబ్బు పట్టింది. ఊళ్లోకొచ్చిన బేరగాడు ఇదే ధరన్నాడు. తడిస్తే కాయ రంగు పోతుందన్న భయంతో తాతయ్య ఇచ్చేశాడు. బళ్లు కదిలిన మూడోనాడు కార్డొచ్చింది. గుంటూరు ధర చాలా పైన ఉంది! ఆ ఏడు మా మేనత్త పెళ్లి ఆగిపోయింది.

ఈ బాధ పాతదే. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం వచ్చి అక్కడి పత్తి ఆగిపోగా, మన దేశపు పత్తికి ఎక్కడలేని గిరాకీ పుట్టింది. ఇంగ్లండు కబురు ఓడల మీద బొంబాయి చేరటానికి అప్పట్లో సుమారు నెల పట్టేది. 1865లో యుద్ధం ముగియగానే ధర కుప్పకూలింది. 1870లో సముద్రం అడుగున వేసిన తీగ బొంబాయిని సూయజ్ మీదుగా లండనుతో కలిపాక అదే కబురు గంటల్లో రావటం మొదలైంది. వచ్చింది ఎవరికి? బొంబాయి వర్తకుడికి. పత్తి తీసే రైతుకి కాదు గదా!

పల్లెల్లో తంతి అంటే చావు కబురే. విప్పి చదవకముందే ఇంట్లో ఏడుపు మొదలయ్యేది. అందులో ఉన్న ఇంగ్లీషు ముక్కలు చదివిపెట్టటానికి మళ్లీ ఎవరో ఒకరు కావాలి. ఆ తంతి 2013 జూలైలో మన దేశంలో శాశ్వతంగా మూగబోయింది.

నా దృష్టిలో అసలు మలుపు రేడియో. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం మొదలైంది. అంతకు ఏడాది ముందే, 1947లో, అమెరికాలో ట్రాన్సిస్టరు పుట్టింది. ఈ రెండూ కలిశాక కరెంటు లేని ఊళ్లో కూడా, నాలుగు బ్యాటరీలుంటే చాలు, చదువురాని రైతు బజారు ధర తన చెవులతో తానే వినగలిగాడు. మధ్యలో చదివిపెట్టేవాడు అక్కర్లేదు. పెట్టె పెట్టుకున్నందుకు పోస్టాఫీసులో లైసెన్సు రుసుము కట్టాల్సి వచ్చేదనుకోండి, అది వేరే సంగతి.

టెలివిజన్ గురించి ఎక్కువ చెప్పను. 1975–76లో ఉపగ్రహం ద్వారా పల్లెలకు బొమ్మ చూపిన ప్రయోగంలో ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. కానీ ధర విషయంలో అది రేడియోని మించి చేసిందేమీ లేదు.

ఇక ఫోను. ట్రంక్ కాల్ బుక్ చేసి గంటలు కాచుకునే రోజులు పోయి, 1995 జూలై 31న దేశంలో మొదటి సెల్‌ఫోను మాట నడిచింది. ఇప్పుడు మా నాన్న టిక్కీలు లారీకెత్తకముందే యార్డు ధర చూసుకుంటాడు. అయితే ఫోనులో కనిపించే పై ధర వేరు, తేమనీ తాలనీ కోత పెట్టాక చేతికొచ్చేది వేరు. మొన్నటేడు ధర నచ్చక సరుకు కోల్డు స్టోరేజిలో పెట్టాడు.

ఆ సాయంత్రం నాయనమ్మని అడిగాను, "ఆ కార్డు వేళకి వచ్చుంటే తాతయ్య అమ్మకుండా ఆగేవాడేనా?" అని.

"ఎక్కడ పెట్టేవాడురా నాయనా, నెత్తినా?" అంది.