హైదరాబాదు సంస్థానంలో తొలి ప్రజాసంఘాలు

హైదరాబాదు సంస్థానపు రాజకీయ సంఘాల కథ గ్రంథాలయాలతో ఆరంభమవుతుంది. ఆ సంస్థానంలోని 16 జిల్లాలలో తెలుగు జిల్లాలు 8, మరాఠీవి 5, కన్నడానివి 3. పాలన, ఉన్నతవిద్య మాత్రం ఉర్దూలో సాగేవి. రాజకీయాల ఊసెత్తడమే ప్రమాదమైన ఆ రోజులలో, 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం వెలిశాయి.

1921 నవంబరు 12న వివేకవర్ధిని థియేటరులో మహర్షి కార్వే అధ్యక్షతన సంఘసంస్కార సభ జరిగింది. ఇతర భాషల ప్రసంగాలను ఓపికగా విన్న సభికులు, ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోగానే గేలిచేసి ఆపివేశారు. ఆ రాత్రే టేకుమాల రంగారావు ఇంట ఆంధ్రజనసంఘం పుట్టింది. గ్రంథాలయాలు, పాఠశాలలు నెలకొల్పడం, తాళపత్రాలు, శాసనాలు సేకరించడం దాని ఆశయాలు. వాటిలో రాజకీయమన్న మాటే లేదు. అయితే వెట్టిచాకిరిపై ఆ సంఘం అచ్చువేసిన చిన్న పుస్తకాలను రాజకీయం కాదని ఎలా అనగలం? మాడపాటి హనుమంతరావు కార్యదర్శిత్వంలో ఆ పని నెమ్మదిగా సాగింది. ఇంతకన్నా ముందే, 1906లో, భాగ్యరెడ్డివర్మ జగన్మిత్రమండలి స్థాపించి దళితులలో చైతన్యం కలిగించారు. రాజకీయ చరిత్రకారులు ఆయనను తరచు మరచిపోతారు.

1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన తొలి నిజామాంధ్ర మహాసభ జరిగింది. అక్కడే మహిళాసభ కూడా సమావేశమైంది. బహిరంగసభకు సర్కారు అనుమతి తప్పనిసరి చేసిన 'గస్తీ నిషాన్ 53' ఉత్తర్వు ప్రతి అడుగునా అడ్డుపడేది. 1937లో మహారాష్ట్ర పరిషత్తు, కర్ణాటక పరిషత్తు కూడా ఏర్పడ్డాయి. భాష ఈ సంఘాలకు రక్షణ కవచమైంది. అయితే ఒకే ప్రభువు పాలనలోని ప్రజలను మూడు వేదికలుగా విడదీసిందీ అదే.

ఆ గోడలు దాటాలనే ఆశయంతో 1938లో హైదరాబాదు స్టేట్ కాంగ్రెసును తలపెట్టారు. అది మతపరమైనదనే నెపంతో, లాంఛనంగా ప్రారంభం కాకముందే సెప్టెంబరులో ప్రభుత్వం నిషేధించింది. అక్టోబరు 24న సత్యాగ్రహం మొదలైంది. తొలి జట్టులో గోవిందరావు నానల్, జనార్దనరావు దేశాయి, రామకిషన్ ధూత్, శ్రీనివాసరావు బోరీకర్‌లతో పాటు ఆంధ్రమహాసభకు చెందిన రవి నారాయణరెడ్డి ఉన్నారు. వేర్వేరు పరిషత్తులవారు ఒకే జైలుకు చేరారు. అదే కాలంలో ఆర్యసమాజం, హిందూమహాసభ వేరుగా సత్యాగ్రహాలు నడుపుతున్నందున, రెండింటినీ ఒకటిగా భావించే అవకాశం ఉన్నదని గాంధీజీ సలహాపై డిసెంబరులో స్టేట్ కాంగ్రెసు తన ఉద్యమాన్ని నిలిపివేసింది.

నిషేధం తొలగేసరికి 1946 వచ్చింది. అప్పటికే, 1944 భువనగిరి సభలో, ఆంధ్రమహాసభ రెండుగా చీలిపోయింది.